చేతక్ పాత పెయింట్ తీసే ముందు ఒక అయస్కాంతం కొనుక్కోండి

మీ నాన్నగారి 1987 బజాజ్ చేతక్ స్కూటర్ పద్నాలుగేళ్లుగా రాజమండ్రి ఇంటి వెనక వరండాలో నిలబడిపోయిందని, దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఉందని రాశారు. రెండు కిలోల కాస్టిక్ సోడా, లీటరు పెయింట్ రిమూవర్ డబ్బా, గ్రైండర్‌కి తగిలించే వైర్ కప్ బ్రష్ కొనిపెట్టుకున్నారు. పాత పెయింట్ మొత్తం రేకు దాకా ఒక్క ఆదివారంలో తీసేయొచ్చా అని అడిగారు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉందని చివర్లో ఒక మాట రాశారు. నా జవాబు ఆ చివరి మాట దగ్గర మొదలవుతుంది.

బెజవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా పాత స్కూటర్లే నా పని. ఒక్క ఆదివారంలో అవ్వదండీ. ఐదారు ఆదివారాలు పెట్టుకోండి. కొన్నవాటిలో కప్ బ్రష్ షాపులో తిరిగి ఇచ్చేయండి. కాస్టిక్ సోడా మూత తీయకుండా పాపకి అందనంత ఎత్తులో పెట్టండి. రిమూవర్ సంగతి కింద చెప్తాను. పెయింట్ ఎలా ఊడుతుందన్నది తర్వాత. ముందు ఏ ముక్క ఏ లోహమో, దాని మీద ఏ పూత ఉందో తెలియాలి. ఈ పనిలో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం, మనిషికైనా బండికైనా, ఆ రెండూ చూసుకోకుండా డబ్బా మూత తీసినందువల్లే జరుగుతాయి.

ముందు ఒక మామూలు అయస్కాంతం తీసుకుని బండి చుట్టూ తిరగండి. బాడీ, సైడ్ డబ్బాలు, ముందు మడ్‌గార్డ్, చక్రాల రిమ్ములు గట్టిగా పట్టుకుంటాయి, అదంతా ఉక్కు రేకు. హ్యాండిల్ పోత, బ్రేక్, క్లచ్ లివర్లు, ఇంజన్ కేసింగ్ పట్టుకోవు, అవి అల్యూమినియం. కార్బొరేటర్ కూడా పట్టుకోదు. అయస్కాంతం పట్టని ప్రతి ముక్కకీ ఒక దారం కట్టి, చీటీ తగిలించి, వేరే ట్రేలో పెట్టండి. రెండూ కలిపి చేసిన ముక్కలు కూడా ఉంటాయి, అల్యూమినియం పోతలో ఇనుప కడ్డీయో, రింగో బిగించినవి. వాటినీ అల్యూమినియం కిందే లెక్కేయండి.

బాడీ మీద కూడా అయస్కాంతాన్ని నెమ్మదిగా జరపండి. కొన్నిచోట్ల పట్టు సడలుతుంది. అక్కడ కింద లప్పం ఉన్నట్టు. ఎప్పుడో సొట్ట పడితేనో, తుప్పుకి చిల్లు పడితేనో పుట్టీ పూసి కప్పేశారు. ఫుట్‌బోర్డు అంచులు, స్టెప్నీ వెనక భాగం తప్పకుండా చూడండి. ఆ చోట్లని చాక్‌పీసుతో గుండ్రంగా గీసుకోండి. రిమూవర్ లప్పంలోకి ఇంకిపోతే మళ్లీ బయటికి రాదు, పైన కొత్త పెయింట్ వేశాక బుడగలు తేలుస్తుంది. కాబట్టి అక్కడ లప్పం మొత్తం గీకి తీసేయాల్సిందే.

ఇక పూత. సైడ్ డబ్బా లోపలి వైపు, ఎవరికీ కనిపించని చోట, 400 నంబర్ వాటర్ పేపర్‌ని బాగా తడిపి బొటనవేలంత చోట గుండ్రంగా రుద్దండి. మధ్యలో రేకు మెరిసేదాకా రుద్దితే, చెట్టు మాను కోసినప్పుడు కనిపించే వలయాల్లాగా దాని చుట్టూ ఒక్కో కోటు ఒక్కో వలయంగా బయటపడుతుంది. మీ ఫొటోలో పైన నీలం ఉంది. నా అంచనా, దాని కింద ఒకటో రెండో వేరే రంగులు, మధ్యలో బూడిదరంగు సర్ఫేసర్ (రంగు వేసే ముందు ఉపరితలాన్ని నున్నబరిచే పూత), అన్నిటికన్నా కింద ప్రైమర్ ఉంటాయి. ఆ చివరి వలయాన్ని వెలుతురులో చూడండి. మసకబారిన ఇటుక రంగయితే రెడ్ ఆక్సైడ్ కావచ్చు, అది ఇనుప ఆక్సైడ్, దానితో పెద్ద భయం లేదు. ఆంజనేయస్వామి విగ్రహానికి పూసే సింధూరంలా నారింజ వన్నెలో ఉంటే అది సీసపు సింధూరం కావచ్చు. పసుపు, పచ్చ మధ్య రంగులో ఉంటే జింక్ క్రోమేట్ కావచ్చు, అందులో ఉండేది క్యాన్సర్ కలిగించే రకం క్రోమియం.

పై రంగుల్లో కూడా సీసం ఉండొచ్చు. ఆ కాలంలో పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగులు నిగనిగలాడటానికి లెడ్ క్రోమేట్ వాడటం మామూలు విషయం. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90 పాళ్లకి కట్టడి చేస్తూ నిబంధన వచ్చిందే 2016లో, అమలైంది 2017 నవంబరు నుంచి. అది కూడా ఇళ్ల పెయింట్లకే. 1987 బండి మీద సీసం లేదని రంగు చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే పాత బండి ఏదొచ్చినా సీసం ఉందనుకునే నేను పని మొదలుపెడతాను.

పాప గురించి అందుకే అంటున్నాను. పిల్లల ఒంట్లోకి సీసం ఇంత వెళ్తే ఫర్వాలేదు అనే లెక్క లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. పెద్దవాళ్ల కన్నా పిల్లల పేగులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి, దెబ్బ ఎదుగుతున్న మెదడు మీద పడుతుంది. గ్రైండర్‌కి కప్ బ్రష్ పెట్టి వరండాలో గంటసేపు తిప్పితే ఆ పొడి గుమ్మం మీద, ఆరేసిన బట్టల మీద, మీ జుట్టులో చేరుతుంది. పాప నేల మీద ఆడుకుంటుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. పైగా ఆ బ్రష్ తీగలు విరిగి సూదుల్లా ఎగురుతాయి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి తట్టుకోని బ్రష్‌లే బజారులో ఎక్కువ. రేకుకైనా మేలు చేస్తుందా అంటే అదీ లేదు. రుద్దుడు వేడికి పెయింట్ మెత్తబడి రేకుకే పులుముకుపోతుంది.

కాబట్టి పొడిగా గీకడం, పొడిగా రుద్దడం ఏదీ వద్దు. కింద పెద్ద ప్లాస్టిక్ పట్టా పరవండి. రుద్దే చోట స్ప్రే సీసాతో తడుపుతూనే ఉండండి. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు, కనీసం ఎన్95 కావాలి, గడ్డం ఉంటే అది కూడా సరిగ్గా కుదరదు. పొట్టు, బురద తడి గుడ్డతో ఎత్తండి. చీపురుతో ఊడవొద్దు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అసలు వద్దు, సన్నటి పొడి దానిలోంచి దూసుకుని మళ్లీ గాలిలోకే వస్తుంది. పని బట్టలు వేరే పెట్టి వేరే ఉతకండి. స్నానం చేశాకే పాపని ఎత్తుకోండి. అయిదారు వారాలు పాప వరండా వైపు రాకుండా చూసుకోమని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి.

ఇప్పుడు కాస్టిక్ సోడా ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఉక్కు మీద అది బాగానే పనిచేస్తుంది, పాత సింథటిక్ ఎనామెల్‌ని సబ్బులా కరిగించేస్తుంది. అల్యూమినియం విషయంలో మాత్రం లోహాన్నే తినేస్తుంది. నేను షాపు పెట్టిన రెండో ఏడు ఒక కుర్రాడు ఉక్కు ముక్కలతో పాటు హ్యాండిల్ పోతని కూడా తొట్లో వేసేశాడు. నేను టీ తాగి వచ్చేసరికి తొట్టి పాలు పొంగినట్టు పొంగుతోంది. ఆ నురగ హైడ్రోజన్, దాంతోపాటు కాస్టిక్ తుంపరలు కూడా లేచి ఇద్దరికీ గొంతు మండి దగ్గు ఆగలేదు. కడ్డీతో పోతని బయటికి లాగితే నల్లగా, వేలు పెడితే ఇసుక కాగితంలా గరగరలాడుతోంది. లివర్ బిగించే చిల్లు వదులైపోయింది. ఆ చేతక్ యజమానికి వేరే హ్యాండిల్ వెతికి నా డబ్బుతో కొనిచ్చాను. పక్కన ఎవరూ బీడీ వెలిగించకపోవడం మా అదృష్టం.

ఇంకో బాధ ఆలస్యంగా బయటపడుతుంది. చేతక్ బాడీ రేకు మీద రేకు మడిచి స్పాట్ వెల్డింగ్ చేసింది. మధ్యలో సొరంగం లాంటి ఖాళీ ఉంటుంది, గేర్ కేబుళ్లు అందులోంచే పోతాయి. ఆ మడతల్లోకి దిగిన కాస్టిక్ నీళ్లని ఎంత కడిగినా పూర్తిగా బయటికి రప్పించలేం. ఏప్రిల్‌లో నేను పెయింట్ చేసిచ్చిన బండి ఒకటి ఆగస్టులో తిరిగొచ్చింది. ఫుట్‌బోర్డు కింద జాయింట్ పొడుగునా గీత గీసినట్టు బుడగలు. ఒకటి గోటితో గిల్లితే లోపల తెల్లటి ఉప్పులాంటి పొడి. ఎండలకి ఊరుకున్నది వానల తేమకి మళ్లీ కదిలింది. ఆ తర్వాత బాడీ దగ్గరికి నేను కాస్టిక్ తీసుకెళ్లలేదు.

మీరు ఎప్పటికైనా విడి ఉక్కు ముక్కలకి వాడాల్సి వస్తే నీళ్లలోకే సోడా కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. చుట్టూ మూసిన గాగుల్స్ లేకుండా ముట్టుకోవద్దు. కంట్లో పడితే అది యాసిడ్ కన్నా లోతుకి దిగుతుంది. వెంటనే కొళాయి కింద కనురెప్పలు తెరిచి కనీసం ఇరవై నిమిషాలు కడిగి నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడని వెనిగర్ లాంటివి కంట్లో వేయకూడదు.

రిమూవర్ డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. మిథిలీన్ క్లోరైడ్ అనో, డైక్లోరోమీథేన్ అనో ఉంటే అది చాలా చురుకైన సరుకు, పది నిమిషాల్లో పెయింట్ ముడతలు పడి లేస్తుంది. ప్రమాదం కూడా అంతే తొందరగా వస్తుంది. దాని ఆవిరి గాలి కన్నా బరువు, నేల వైపు, మూలల్లోకి పేరుకుంటుంది. పీలిస్తే మత్తు కమ్ముతుంది, ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారి గుండెకి అందాల్సిన ప్రాణవాయువుని అడ్డుకుంటుంది. అమెరికాలో స్నానాల తొట్ల పెయింట్ తీసే పనివాళ్లు 2000 నుంచి 2011 మధ్య కనీసం 13 మంది దీనివల్ల చనిపోయారు, మూసిన బాత్‌రూముల్లో తొట్టి మీదికి వంగి పనిచేస్తూ. 2019లో అక్కడ మామూలు జనానికి ఈ రకం రిమూవర్ అమ్మకం నిషేధించారు. మన దగ్గర రంగుల షాపులో అడగ్గానే ఇస్తారు.

ఇది దాదాపు 40 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రాజమండ్రి మే నెల మధ్యాహ్నం సంగతి మీకు నేను చెప్పాలా? ఎండలో పెట్టిన డబ్బా మూత తీస్తే లోపలి ఒత్తిడికి చిమ్ముతుంది. వాడేట్టయితే తెల్లవారుజామున, చల్లబడ్డ డబ్బాతో, పైన కప్పు లేని చోట, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, ఒక్కోసారి ఒక సైడ్ డబ్బా మేరకే వాడండి. మామూలు నీలం నైట్రైల్ గ్లవ్స్ గుండా నిమిషాల్లో దిగిపోతుంది, చెయ్యి చురుక్కుమంటే అప్పటికే ఆలస్యం. బొగ్గు ఫిల్టర్ మాస్కులు కూడా దీని ముందు ఎక్కువసేపు నిలవవు. అందుకే ఒంటరిగా చేయొద్దు, తల తేలికైనట్టు అనిపిస్తే బ్రష్ అక్కడే వదిలేసి దూరంగా వచ్చేయండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదు. బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన రిమూవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఖరీదు ఎక్కువ, పనికి గంటలు పడుతుంది, పూసి పైన పాలిథిన్ కప్పి రాత్రంతా వదిలేయాలి. మీ ఇంటికి నేను చెప్పేది అదే. మీ చేతిలో ఉన్న డబ్బాలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటే దాన్ని బ్రష్‌తో పాటే షాపుకి పంపండి.

ఏదైనా వాడే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గుడ్డకి థిన్నర్ అద్ది పెయింట్ మీద ఒక నిమిషం ఆనించండి. రంగు గుడ్డకి దిగితే అది డ్యూకో, రిమూవర్ అక్కర్లేదు, థిన్నర్‌తోనే వచ్చేస్తుంది. ముడుచుకుంటే సింథటిక్ ఎనామెల్. ఏమీ కాకపోతే కంపెనీలో ఓవెన్ వేడికి గట్టిపరిచిన పెయింటో, తర్వాత కొట్టిన పీయూనో (పాలీయురెథేన్ పెయింట్). కంపెనీ పెయింట్ అయితే ఒక మాట. పొరల మధ్య అది ఎక్కడ గట్టిగా పట్టుకుని ఉందో అక్కడ దాన్ని తీయకండి. తీయకపోతే సీసం పొడీ రాదు, రేకూ తుప్పు పట్టదు. పైన వేసిన రంగులు మాత్రం తీసి, దాన్ని తడిగా 400తో గరుకు చేసి, ఊడిన చోట్ల అంచులు నున్నగా కలిపేస్తే చాలు. పూర్తిగా రేకు దాకా వెళ్లాల్సింది తుప్పు ఉన్నచోట, లప్పం ఉన్నచోట. ఈ ఒక్క నిర్ణయంతో మీ పని సగానికి సగం తగ్గుతుంది.

స్టాండు, నట్లు బోల్టుల్లాంటి ఉక్కు ముక్కల పెయింట్, తుప్పు రెండూ తీయడానికి నాకు నచ్చిన పద్ధతి వాషింగ్ సోడా నీళ్లు, బ్యాటరీ చార్జర్. ప్లాస్టిక్ తొట్లో లీటరుకి ఒక చెంచా వాషింగ్ సోడా కలిపి, ముక్కని చార్జర్ నెగెటివ్ వైరుకి, పాత ఇనుప చువ్వని పాజిటివ్‌కి కట్టి, రెండూ తగలకుండా ముంచండి. మర్నాటికి తుప్పు నల్లటి మడ్డిగా మారి బ్రష్‌తో తుడిస్తే పోతుంది. వైర్లు తారుమారైతే మీ ముక్కే కరిగిపోతుంది, రెండుసార్లు చూసుకుని స్విచ్ వేయండి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, అందులోంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. క్రోమ్ చేసిన ముక్కలు, అల్యూమినియం అందులో వేయొద్దు. స్ప్రింగులు వేయొద్దు, హైడ్రోజన్ లోపలికి చేరి గట్టి ఉక్కు పెళుసెక్కుతుంది. యాసిడ్‌లో వేసినా అదే జరుగుతుంది. ఈ పద్ధతిలో కూడా హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టండి. పాత క్రోమ్ తీయడం, మళ్లీ వేయించడం ప్లేటింగ్ వాళ్ల పని, ఇంట్లో ప్రయత్నించొద్దు.

అల్యూమినియం పోతలకి రిమూవర్, ప్లాస్టిక్ గీకుడు బిళ్ల, నైలాన్ స్క్రబ్బర్ చాలు. ఉక్కు మీద వాడిన వైర్ బ్రష్ వీటి మీద వాడితే ఇనుప రజను దిగబడి తర్వాత తుప్పు చుక్కలు వస్తాయి.

శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి పెయింట్ తీయించడం, చేయిస్తే పోలా అని కూడా అడిగారు. రిమ్ములకీ, స్టాండుకీ చేయించండి. సైడ్ డబ్బాల పల్చటి రేకు మీద ఎక్కువ ఒత్తిడితో కొడితే రేకు సాగి అలలు తేలుతుంది, దాన్ని మళ్లీ సరిచేయడం మంచి టింకరింగ్ మేస్త్రికి కూడా కష్టమే. బాడీకి చేయిస్తే ఇసుక ఆ సొరంగంలో చేరి ఏళ్ల తరబడి రాలుతూనే ఉంటుంది. ఏ ఇసుకతో కొడతారో తప్పకుండా అడగండి. నది ఇసుకలో ఎక్కువ పాలు సిలికా. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, దానికి మందు లేదు. మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో పలకబలపాలు కోసే కూలీలు దానితోనే చిన్న వయసులో పోయారు. బ్రిటన్‌లో పోత ముక్కల బ్లాస్టింగ్‌కి ఇసుక వాడకాన్ని 1949లోనే నిషేధించారు. గార్నెట్ అనే రాతి రజనుతోనో గాజు పూసలతోనో చేసే చోటికే వెళ్లండి, పనిచేసే కుర్రాడికి గాలి అందించే హుడ్ ఉందో లేదో కూడా చూడండి.

పెట్రోల్ ట్యాంక్ ఖాళీగా ఉందని దాని మీద హీట్ గన్, గ్రైండర్ పెట్టొద్దు. పద్నాలుగేళ్ల కింద ఎండిపోయినా లోపలి మడ్డిలో ఆవిరి మిగిలే ఉంటుంది, వేడికి పేలుతుంది. దాన్ని చేత్తో, తడిగానే చేయండి. బ్రేక్ డ్రమ్ములు తెరిచినప్పుడు లోపలి పొడిని ఊదొద్దు, గాలి కొట్టొద్దు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

పని మొదలుపెట్టకముందే చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఎక్కడ గుద్ది ఉన్నాయో వెతికి, ఫొటో తీసి, పైన రెండు వరసలు టేపు వేయండి. అక్కడ ఎమరీ పేపర్ కూడా ఆడించొద్దు, రిమూవర్‌తో మెత్తబరిచి టూత్‌బ్రష్‌తో తీయండి. అక్షరాలు అరిగిపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఆర్టీవో ఆఫీసులో మీ నాన్నగారి బండి ఇదేనని నిరూపించుకోవడం మీకు తలనొప్పి అవుతుంది.

గీకిన పొట్టు, బురద, రిమూవర్ ముద్ద మోరీలోకో కాలవలోకో పోకూడదు. మూత ఉన్న రేకు డబ్బాలో నింపి, పైన పెయింట్ వ్యర్థం అని రాసి, మున్సిపాలిటీ వాళ్లకి మామూలు చెత్తతో కలపకుండా వేరుగా ఇవ్వండి. థిన్నర్ గుడ్డలని ఆరుబయట పరిచి ఆరాకే చుట్టండి.

రేకు బయటపడ్డ భాగాన్ని నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, హెయిర్ డ్రైయర్‌తో మడతల్లో తేమ కూడా ఆరబెట్టండి. గోదావరి గాలికి బట్టబయలు ఉక్కు సాయంత్రానికే పసుపు తిరుగుతుంది. వేలిముద్ర పడినచోట మరీ తొందరగా తుప్పు లేస్తుంది, కాబట్టి గ్లవ్స్ తీయకుండానే థిన్నర్ గుడ్డతో చివరిసారి తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయండి. అల్యూమినియానికి ముందు ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ప్రైమర్) కావాలి. కాబట్టి ఒక్కో ఆదివారం ప్రైమర్ దాకా పూర్తి చేయగలిగినంత మేరకే పెయింట్ తీయండి. మొదటి వారం ఎడమ సైడ్ డబ్బా ఒక్కటి చాలు. రుద్దాక కనిపించిన వలయాలని పగటి వెలుతురులో దగ్గర్నుంచి ఫొటో తీసి పెట్టండి, ఏ కోటు దగ్గర ఆగాలో చూసి చెప్తాను.